ఎర్రముద్రల మడత పుస్తకం

పది గంటల ఇరవై నిమిషాలకు వెంకటరమణయ్య శెట్టి నాకు జపాను చూపించడం మొదలుపెట్టాడు. పదిన్నర కాకముందే క్యోటో నగరంలో మూడు గుళ్లు, ఒక మ్యూజియం అయిపోయాయి. అంత తొందరగా ఊరు తిప్పే మనిషి ప్రొద్దుటూరు జట్కావాళ్లలో కూడా నాకు తగల్లేదు.

అది ఆయన బట్టల కొట్టు మీది గది. గోడలకు క్యోటో బొమ్మల కార్డులు, గాజు బీరువాలో ఒక విసనకర్ర, ఒక జత కొయ్య చెప్పులు, ఒక మడత పుస్తకం. మే నాలుగో తేదీన ఆయన జపాను నుంచి దిగాడని ఊళ్లో మేళంతో ఊరేగించారు. ఆ ఊరేగింపులో నేనూ ఈల వేశాను.

నా పేరు బాలసుబ్రహ్మణ్యం. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి హెడ్మాస్టరు గొడుగులో పిండి పోసి బయటపడ్డాను. ఇప్పుడు నా ఇంటి ముందు ప్రైవేటు డిటెక్టివ్ అని రేకు బోర్డు ఉంది. ఊరందరికీ మామను.

శెట్టితోపాటు మగ్గాల పని చూసి రావడానికి జమ్మలమడుగు నేతగాడు హుమాయున్ కూడా జపాను పోయాడు. తిరిగి రాలేదు. క్యోటోలో మొదటి రోజే తప్పించుకు పారిపోయాడని శెట్టి చెప్పాడు. హుమాయున్ తల్లి జానీబీ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. ఆ ఫైలు ఇవాళ, అంటే 1961 మే పంతొమ్మిది శుక్రవారం, సాయంత్రం ఐదు గంటల బస్సుకు 'ముగిసింది' అని రాసి కడపకు పంపేస్తున్నారు. అది బస్సెక్కిందంటే హుమాయున్‌ను వెతికేవాడు ఇక ఉండడు.

ఆ ఫైలు మూయించింది నేనే.

మే తొమ్మిదో తేదీన ఈ గదిలోంచే ఒక బొమ్మ కార్డు కొట్టేశాను. నేలంతా పచ్చటి నాచు పరిచిన తోట బొమ్మ. వెనకాల హుమాయున్ రాసినట్టు రాశాను: 'అమ్మా, నేను ఈడ శానా బాగుండా. ఒక జపాను పిల్లను పెండ్లి చేసుకుంటి. కోడలికి సంగటి కెలికేది నేర్పిస్తాండా. తొందర్లో వస్తాం.' జానీబీకి తెలుగు చదవడం రాదు. కవర్లో వచ్చిందని చెప్పి నేనే చదివి వినిపించాను. నాలుగు రోజుల్లో వాడు రైలు దిగుతాడు, అందరం పడీ పడీ నవ్వుకుంటాం అనుకున్నాను. ఆమె ఏడ్చింది. కార్డును కళ్లకద్దుకుని నేరుగా స్టేషనుకు పోయి ఎస్సై ఓబులేసుకు చూపించింది. ఆయన 'కొడుకు క్షేమం' అని రాసుకుని ఆ రోజే వెతకడం ఆపేశాడు.

నిజం చెబుదామని ప్రతిరోజూ అనుకుంటూ పది రోజులు గడిపాను. ఆ పది రోజులూ నాకు అన్నం సయించలేదని రాస్తే బాగుండేది. సయించింది.

మొన్న జానీబీ వచ్చి, కోడలికి ముక్కుపుడక చేయించాను, పంపడానికి అడ్రసు కనుక్కోమని అడిగింది. అందుకే ఇవాళ శెట్టి ముందు కూర్చున్నాను.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు శెట్టీ. నా బుర్ర మందం."

"ఎన్నిమాట్లు చెప్పాలప్పా నీకు!" అన్నాడు గానీ, చెప్పడం ఆయనకు ఇష్టమే. బీరువాలోంచి మడత పుస్తకం తీశాడు.

రెండు పట్టు అట్టల మధ్య ఒకే పొడుగు కాగితం, విసనకర్రలా ముడుచుకుని ఉంది. క్యోటోలో ఏ గుడికి పోయినా అక్కడి పూజారి ఇందులో కుంచెతో నల్లగా రాసి, మీద ఎర్రముద్ర వేస్తాడట. యాత్రికుడు వచ్చిపోయినట్టు గుర్తు. ప్రతి మడతలోనూ ఆ గుడి బొమ్మ కార్డు దోపి ఉంది. శెట్టి మన పుస్తకం తెరిచినట్టే ఎడమవైపు అట్ట ఎత్తాడు.

"ఇదో, మొదటి దినం. బంగారు గుడి. చెరువులో దాని నీడ చూస్తే కండ్లు తిరుగుతాయి. ఈడనే ఆ హుమాయున్ నా పక్కనుంచి మాయమయిపోయినాడు. రెండో దినం ఇసక తోట ఉండే గుడి. తోటంటే చెట్టూ ల్యా, చేమా ల్యా. ఇసకను దువ్వెనతో దువ్వినట్టు దువ్వి మధ్యలో రాళ్లు పెట్టినారు. మూడో దినం వెయ్యి విగ్రహాల గుడి. ఆ సాయంత్రమే మ్యూజియం."

"బంగారు గుడి ముందర చెరువు. బాగుండాది. వెనకాల ఏముంది?"

"వెనకాలా?"

"ఆ, వెనకాలనే."

"వెనకాల... గోడ ఉంటాది."

"ఇసక తోట గుడికి?"

"గుడి వెనకాల ఎవురు చూస్తారప్పా!"

"నువ్వు చూస్తావు గదా శెట్టీ."

దారి పక్కన పసుపు పూసిన రాయి కనబడితే చెప్పులు విడిచి మూడుమార్లు చుట్టూ తిరిగే మనిషి వెంకటరమణయ్య. ఆయన ప్రదక్షిణలు అయ్యేదాకా అమ్మవారిశాల గుడి తలుపులు వేయరు. అట్లాంటివాడు సముద్రాలు దాటి మూడు గుళ్లకు పోయి, ఒక్కదాని చుట్టూ కూడా తిరగకుండా వచ్చాడు. గోడ మీది కార్డుల్లోనూ అంతే. అన్నీ ముందువైపు బొమ్మలే.

ఆయన పైకండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఆడ సుట్టూ తిరగనియ్యరు. వాళ్ల పద్ధతి అది."

"పోనీలే. హారతన్నా ఇచ్చినారా?"

"ఎందుకియ్యరు? హారతి, తీర్థం, టెంకాయ చిప్ప, అంతా ఇచ్చినారు."

"జపానోళ్లు టెంకాయ కొడతారా?"

"మన దేశమోళ్లం వచ్చినామని... నా కోసరం కొట్టినారు."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే లేచి, "కింద బేరం ఉండాది. నువ్వు పో ఇంక" అన్నాడు. పుస్తకాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి కోసం మొలతాడు వెతుక్కుంటూ అటు తిరిగాడు. ఆ ఒక్క నిమిషంలో నా చొక్కాలోని పంచాంగం బీరువాలోకీ, మడత పుస్తకం నా చొక్కాలోకీ మారాయి. పాతికేళ్లుగా జనం కళ్లజోళ్లు, చెప్పులు మార్చి ఏడిపించిన చేతులు. ఒక మంచి పనికి వాటిని వాడింది అదే మొదటిసారి.

పదకొండు నలభై బస్సు పట్టుకుని పన్నెండు యాభైకి జమ్మలమడుగులో దిగాను.

జానీబీ వాకిట్లో గంజి కుంచె కడుగుతోంది. పొద్దున మగ్గం మీది పడుగు నూలుకు గంజి పట్టించినట్టుంది, చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది. ఎప్పటి నవ్వు కాదది. మా ఇద్దరికే తెలిసిన విషయం ఏదో ఉన్నట్టు, పెదాలు బిగబట్టి నవ్వింది. నా తప్పు నా మొహం మీద కనబడుతోందేమోనని నేను తల దించుకున్నాను.

"కోడలి అడ్రసు దొరికెనాప్పా?"

"దొరుకుతాది లేక్కా. ముందు ఇది చూడు. శెట్టి జపాను నుంచి తెచ్చినాడంట."

ఆమె చేతులు తుడుచుకుని, బిస్మిల్లా అనుకుని పుస్తకం అందుకుంది. కుడివైపు అట్ట ఎత్తింది.

"అట్ల గాదక్కా. ఇట్ల తెరవాల."

"యాడన్నా పుస్తకం ఇట్లనే గదప్పా తెరిచేది. ఖురాను ఇట్లనే తెరుస్తాం." ఆమె కుడినుంచి మడతలు విప్పుకుంటూ పోయింది. "సూడు, గీతలు వరసగా వస్తాండాయి."

నేను ఆమె భుజం మీదుగా చూశాను. ప్రతి ముద్ర పక్కనా, అంచున నిలువుగా ఒక వరస రాత ఉంది. వరస కొసన కిటికీలాంటి గుర్తు, దాని నెత్తిన అడ్డగీతలు. వెయ్యి విగ్రహాల గుడి దగ్గర ఒక గీత. ఇసక తోట దగ్గర రెండు. బంగారు గుడి దగ్గర మూడు. రెండుసార్లు తప్పినవాడికి కూడా మూడుదాకా లెక్క వస్తుంది. అవి తేదీలు. జపాను పుస్తకం కూడా కుడినుంచే మొదలవుతుంది. శెట్టి ఎడమనుంచి తెరిచి, కొసను మొదలనుకుని, మూడో రోజు చూసిన గుడిని మొదటి రోజు చూశానని ఊరందరికీ చెప్పాడు. ఆ మూడు దినాలు కాళ్లరిగేలా తిరిగినవాడు వాటి వరస మరిచిపోడు.

"అక్కా, కాగితం వెనక తిప్పు."

తిప్పింది. వెనకంతా పెన్సిలుతో సన్నటి గడులు, గడుల్లో చుక్కలు. దువ్విన ఇసక చారలు అంచు అయ్యాయి. చెరువు అలలు, రాతి మీది నాచు, ఏదో పాత పట్టు అంగీ మీది కొంగలు, అన్నీ చీర మీది బుటాలుగా మారి ఉన్నాయి. జానీబీ చూపుడువేలు చుక్కల మీద నడిచింది.

"ఇవి నా కొడుకు గీసినవి. నాలుగు చుక్కలకు ఒక గడి ఇడిసేది నేను నేర్పిచ్చిందే. వాడు తప్ప ఇట్ల ఎవురూ గీయరు."

మూడు గీతల మడత వెనక, అంటే బంగారు గుడి వెనక కూడా, హుమాయున్ చెయ్యే ఉంది. అంటే అక్కడ మాయమైనవాడు హుమాయున్ కాదు. అసలు అక్కడ లేనివాడు శెట్టి.

"ఇదేంది," అంది జానీబీ. ఎడమ అట్ట పక్కన కొసమడతను రెండు వేళ్ల మధ్య నలుపుతోంది. "ఇది మందంగుండాది. రెండు కాగితాలు అతికినారు." గోటితో అంచు గీకి, పొడిని వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసింది. "జొన్న గంజి. ఉడికీ ఉడకని గంజి. అప్పా, జపానులో జొన్నలు పండుతాయా?"

"నాకు తెలిసి పండవు."

"అయితే ఇది ఈడ అతికిచ్చిందే."

ముప్పై ఏళ్లు గంజి కాచిన మనిషి మాటకు నాకు సాక్షి అక్కర్లేదు. ఆమె పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, ఆవిరి మీద ఆ కొస పట్టింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పదకొండు నిమిషాలకు కాగితాలు విడిపోయాయి.

లోపల ఎర్రముద్ర లేదు. కోడిగుడ్డు ఆకారంలో ఊదారంగు ముద్ర ఉంది. ఇంగ్లీషు అక్షరాలు నాకు కూడబలుక్కుంటే గానీ రావు. మూడుసార్లు కూడబలుక్కున్నాను. కమలాపురం. రైల్వే స్టేషన్ మాస్టరు. కింద కలంతో రాసిన తేదీ: 2-5-61.

శెట్టి దిగడానికి రెండు రోజుల ముందే హుమాయున్ మన జిల్లాలో కాలు పెట్టాడు. చింపితే పట్టు అట్ట ఊడి వస్తుందని, శెట్టి ఆ ముద్రను గంజిలో దాచాడు.

జానీబీ చదవలేక నా నోటివైపు చూసింది. చెప్పాను. ఆమె గిన్నె దించి పక్కన పెట్టింది.

"నా కొడుకు జపానులో ల్యాడా? మరి ఆ జాబు?"

అప్పుడే చెప్పాల్సింది. వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం.

"స్టేషనుకు పోదాం రాక్కా," అన్నాను. "ఆడ చెప్తా."

బస్సులో తిరిగొచ్చి మూడు ఇరవై ఐదుకు ప్రొద్దుటూరు పోలీసు స్టేషన్ మెట్లెక్కాం. ఎస్సై ఓబులేసు ఫైలుకు దారం కడుతున్నాడు. పులివెందుల నుంచి ఆయన బదిలీ మీద వచ్చినరోజు, ఎవరో తప్పించుకున్న దొంగ ఉన్నాడని చెప్పి నేను ఆయనను ఖాళీ బావిలోకి దించాను. అప్పటినుంచి నన్ను చూస్తే ఆయన మీసం ఒకవైపే లేస్తుంది.

"ఏం సీఐడీ? ఈసారి ఏ బాయిలో దిగమంటావు?"

"ఈమాటు బాయి గాదు సార్. ఆ దారం విప్పండి. హుమాయున్ ఇండియాకు వచ్చినాడు."

పుస్తకం ఆయన ముందు పరిచి, మూడు గీతల సంగతి, ప్రదక్షిణల సంగతి, గంజి సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"శెట్టికి పాసుపోర్టు ఉండాది. ఓడ టికెట్టు ఉండాది. నేను చూసినా."

"టికెట్టు కొన్నోడల్లా ఓడెక్కినట్టేనా? నీళ్లు చూసి గుండె జారి మద్రాసులోనే దిగబడినాడేమో. నేతగాడు ఒక్కడే పోయి అన్నీ చూసొచ్చినాడు. ఈయన దండలు ఏసుకున్నాడు."

"ఏమో, ఏమో అనేది పంచాంగం చెప్పేటోళ్ల మాట. నా తావ సాక్ష్యం ఉండాది." ఆయన ఫైలు మీద చేయి వేశాడు. "హుమాయున్ చేతిరాత కార్డు. క్యోటో నుంచి వచ్చింది. జపానులో పెండ్లి చేసుకున్నోడు కమలాపురంలో ఎట్ల రైలు దిగుతాడు? ఎవుడో ముద్ర కొట్టించినాడు. నువ్వే కొట్టించి ఉంటావు. నీకు అలవాటే గదా."

నేను ఇంతకాలం చేసిన ప్రతి పరిహాసమూ ఆయన పక్షాన సాక్ష్యం చెబుతోంది. గోడ గడియారం మూడు నలభై చూపించింది.

"ఆ కార్డు తీసి చూడండి సార్. స్టాంపుండాదా దాని మీద?"

"కవర్లో వచ్చిందన్నావు."

"కవరు చూసినారా?"

ఆయన మీసం దిగింది.

"కవరు లేదు. ఆ కార్డు నేను రాసినా. శెట్టి గదిలోంచి దొంగిలించి, నా చేత్తోనే రాసి, నేనే చదివి వినిపిస్తి. నవ్వుకోడానికి." ఫైలు పక్కనున్న కలం ఆయన ముందుకు జరిపాను. "మీరు వెతకడం మానుకునింది నా వల్లనే. రాసుకోండి, సంతకం పెడతా. లోపల పెట్టండి. కానీ ముందు కమలాపురానికి టెలిఫోను కొట్టండి."

ఓబులేసు లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు కూడా. జానీబీ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె వైపు చూసి చెయ్యి దించేశాడు.

"కోడలు ల్యాదా అప్పా?" అంది జానీబీ.

"ల్యాదక్కా."

తిట్టి ఉంటే ఆ బెంచీ దగ్గర నిలబడటం నాకు కొంచెం సులువయ్యేది.

మూడు యాభైకి ట్రంకు కాలు అడిగితే నాలుగు ఇరవైకి కలిసింది. ఓబులేసు గట్టిగా అరుస్తూ మాట్లాడి, కాగితం మీద రాసుకుని, రిసీవరు మెల్లిగా పెట్టాడు. ఈసారి నా వైపు చూడకుండా ఆమెకే చెప్పాడు.

"స్టేషన్ మాస్టరుకు బాగా గుర్తుండాదమ్మా. మద్రాసు బండి దిగి, ఈ పుస్తకం చూపించినాడంట. 'ప్రతి గుడికాడా ముద్ర ఏసినారు సార్, మన నేల మీద గూడా ఒగటి ఎయ్యండి' అని అడిగినాడంట. ఆయన నవ్వుకుంటా ఏసినాడు. బయట శెట్టి కారు నిలబడుండె. నీ కొడుకు దాంట్లో ఎక్కినాడు. కారు ప్రొద్దుటూరు పక్కకు పోలేదు. పులివెందుల దోవ పట్టింది."

"సింహాద్రిపురం," అన్నాను. "ఆడ శెట్టికి శెనక్కాయల గోడౌను ఉండాది."

"నువ్వు నోరు ముయ్. నీ సంగతి తర్వాత." ఆయన టోపీ అందుకుని జీపు తీయమని కేకవేశాడు. పదిహేడు రోజులు. మనిషిని అన్నాళ్లు దాచి ఉంచారంటే ఏదో ఒక అవసరం ఉండే ఉంచారు. ఆ అవసరం ఇంకా తీరలేదనే నా ఆశంతా. ఉన్నది ఆ ఒక్క ఆశే.

"సుబ్రమణ్యం," అని పిలిచింది జానీబీ. నన్ను ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఒగటి అడుగుతా, నిజం చెప్పు. రెండోది గూడా నువ్వే రాసినావా?"

"రెండోదేందక్కా?"

ఆమె రవికలోంచి ఒక కార్డు తీసింది. దువ్విన ఇసక, మధ్యలో రాళ్లు. వెనకాల తెలుగు రాత. నా రాతను చూసి చూసి దించిన రాత; ఫైల్లోని నా కార్డు శెట్టి కంటపడి ఉండాలి. ఓబులేసు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పొద్దున తొమ్మిది గంటలకు ఒగాయప్ప తెచ్చి, సదివి పోయె. 'సుబ్రమణ్యం మామ పంపిచ్చినాడు, ఎవురికీ చెప్పొద్దన్నాడు, ఆయప్పే వచ్చి మాట్లాడతాడు' అనె. అందుకే నువ్వొచ్చినప్పుడు నేను నోరు తెరవకుండా నవ్వుకుంటి."

నేను కార్డు చదివాను. 'అమ్మా, ఓడలో నేను నీ పేరుకు పంపిన పెట్టె ఈ మనిషికి ఇయ్యి. నేనూ కోడలూ వస్తాండాం.'

"ఏం పెట్టె అది?" అన్నాడు ఓబులేసు.

"బొమ్మల పెట్టె సార్. ఆ ఊరి మ్యూజియంలో పాత పట్టుబట్టలు చూసి నా కొడుకు గీసినవన్నీ దాంట్లోనే ఉండాయంట. పోయిన వారం పార్సిలు వచ్చె. అది నా పేరుకు పంపినట్టు ఎవురికీ తెలీదు, నా కొడుక్కు తప్ప."

వాడికి తప్ప. శెట్టి వాడిని దాచి ఉంచింది ఆ పెట్టె కోసమే. పదిహేడు రోజులు వాడు ఆ పెట్టె ఎక్కడుందో చెప్పలేదు. నిన్నో మొన్నో చెప్పేలా చేశారు. ఆ కాగితాలు శెట్టి చేతికి వచ్చాక, ఆయన క్యోటో చూడలేదని చెప్పగలిగే నోరు ఒక్కటే మిగులుతుంది, హుమాయున్‌ది.

"ఇచ్చినావా అక్కా?"

జానీబీ నా వైపు సూటిగా చూసింది.

"నీ పేరు చెప్పె గదప్పా. ఇయ్యకుండా ఎట్లుంటా?"

బయట జీపు స్టార్టు అయింది. గోడ మీద నాలుగున్నర. పెట్టె ఆ ఇల్లు దాటి ఏడున్నర గంటలైంది.